కరివేపాకు చెట్టును టెక్సస్‌లో వదిలి కాలిఫోర్నియా వచ్చాం: ఏం జరిగిందంటే

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి ఇల్లు మారబోతూ, పెరట్లో కరివేపాకు చెట్టు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మేం 2025 జూన్ ఆఖరులో టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి వచ్చాం. సోఫా వచ్చింది, గ్రైండర్ వచ్చింది, దేవుడి మందిరం వచ్చింది. చెట్టు రాలేదు. రాకూడదు. ఎందుకు రాకూడదో, దాన్ని ఏం చేశామో, ఇక్కడ ఇంకొకటి దొరకడానికి ఎన్నాళ్లు పట్టిందో వరసగా చెప్తాను.

మార్చి రెండో వారంలో మా ఆయనకు బదిలీ ఖాయమైంది. పిల్లల బడి, అద్దె ఇల్లు ఆయన చూసుకున్నారు. సామాన్లు నా వంతు. నేను రాసుకున్న జాబితాలో మొట్టమొదటిది చెట్టే.

దాని సంగతి కొంచెం చెప్పాలి. 2014లో ప్లేనోలో ఉండే ఒక తెలుగు ఆంటీ తన కుండీలోంచి పిలక తీసి ఇచ్చారు. రెండు రెబ్బలు, అంతే. మొదటి మూడేళ్లు అది పెరిగిందీ లేదు, చచ్చిందీ లేదు. నవంబరు రాగానే గరాజ్‌లోకి, మార్చి వెళ్లాక బయటికి. గరాజ్‌లో ఆకంతా రాల్చేసి వట్టి పుల్లలా నిలబడేది. ఈసారి పోయినట్టే అని ప్రతి ఏడాదీ అనుకునేదాన్ని, ఏప్రిల్లో కణుపుల దగ్గర చిగురు కనపడేది. 2021 ఫిబ్రవరి మంచు తుపాను గుర్తుంది కదా, డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల దాకా దిగింది. మా ఇంట్లో కరెంటు లేదు. మేం నలుగురం ఒకే గదిలో పడుకున్నాం, ఐదోది అది. పిల్లల దుప్పటి ఒకటి దానికి కప్పాం. మా చిన్నాడు ఇప్పటికీ ఆ దుప్పటిని 'చెట్టు దుప్పటి' అనే అంటాడు.

మేం బయల్దేరేనాటికి అది ఇరవై ఐదు గ్యాలన్ల కుండీలో, చక్రాల పీట మీద, నాకంటే ఎత్తున ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా వెళ్లేటప్పుడు చేతిలో ఒక జిప్‌లాక్ సంచి ఉండాల్సిందే. నాలుగు రెబ్బల ప్యాకెట్టు దుకాణంలో రెండు డాలర్లు పెట్టి కొనే ఊళ్లో, పిల్లను పంపి "వెళ్లి రెండు రెమ్మలు తుంచుకు రా" అనగలగడం ఎంత ఐశ్వర్యమో ఇండియాలో ఉన్నవాళ్లకు చెప్పినా అర్థం కాదు. అక్కడ అది గోడ పక్కన దానంతటదే మొలిచే చెట్టు.

ఏప్రిల్ మొదట్లో సామాన్లు తరలించే కంపెనీ మనిషి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించమన్నాడు. వెనక వరండాలో చెట్టు కనపడగానే "మొక్కలు మేం ఎక్కించం మేడమ్, అందులోనూ కాలిఫోర్నియాకి" అన్నాడు. సరే, మన వ్యాన్‌లోనే తీసుకెళ్దాం, వెనక సీట్లు మడిస్తే పడుకోబెట్టొచ్చు అని కొలతలు కూడా తీశాం. కాలిఫోర్నియాలోకి వెళ్లే పెద్ద రోడ్ల మీద వ్యవసాయ తనిఖీ కేంద్రాలుంటాయని మా ఆయన సహోద్యోగి ఒకాయన చెప్పాక, ముందే అడిగేస్తే మంచిదనిపించింది. రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలకూ ఒకే ఈమెయిల్ రాశాను: ఇంట్లో పెంచిన ఒక చెట్టు, పేరు ఇది, వయసు ఇది, ఫొటో ఇదిగో, తీసుకెళ్లడానికి ఏ కాగితం కావాలి?

వారం దాటాక జవాబులు వచ్చాయి. రెండూ మర్యాదగానే ఉన్నాయి, రెండింటి సారం ఒకటే. ఏ కాగితమూ లేదు.

నేను అంత తేలిగ్గా వదలలేదు. ఫోన్ నంబరు ఇచ్చారు కాబట్టి చేశాను. అటువైపు ఒకావిడ, ఓపిక గల మనిషి. నా ప్రశ్నలు వరసగా అడిగాను. మట్టంతా కడిగేసి వట్టి వేళ్లతో తీసుకెళ్తే? కుదరదు. ఆకులన్నీ దూసేసి మోడులా తీసుకెళ్తే? కుదరదు. వేరు దగ్గరి చిన్న పిలక? కుదరదు. కొమ్మ ముక్క? అది ఇంకా వద్దు. గింజలు? వాటి జోలికీ పోవద్దన్నారు. డబ్బు కట్టి మందు కొట్టించి సర్టిఫికెట్ తీసుకుంటే? ఆ దారి ఉంది గానీ, అది కేంద్ర వ్యవసాయ శాఖతో ఒప్పందం ఉన్న నర్సరీలకట. అవి కూడా నారింజ, నిమ్మ తోటలున్న రాష్ట్రాలకు పంపకూడదు. అంటే టెక్సస్ నర్సరీ నుంచి అనుమతి పత్రంతో న్యూజెర్సీకి మొక్క పోవచ్చు, కాలిఫోర్నియాకు మాత్రం పోదు. ఇంట్లో పెంచుకున్న చెట్టయితే న్యూజెర్సీకి కూడా పోదు. టెక్సస్ రాష్ట్రం మొత్తం ఈ నిషేధం కిందే ఉంది. ఫ్లారిడా, జార్జియా, లూసియానా, హవాయి కూడా మొత్తం రాష్ట్రాలే. కాలిఫోర్నియా, ఆరిజోనాల్లో కొన్ని భాగాలు.

"మీరు ఈ వారంలో కరివేపాకు గురించి అడిగిన మొదటి మనిషి కాదు" అని కూడా అంది ఆవిడ. దాంతో కాస్త ఊరట కలిగింది, ఎందుకో తెలియదు.

ఇంతకీ దీని నేరం ఏమిటంటే, బత్తాయి, నిమ్మ, నారింజలతో చుట్టరికం. అన్నీ ఒకే కుటుంబం. మారేడు, వెలగ కూడా ఆ కుటుంబమే, ఆ జాబితాలోనే ఉన్నాయి. శివరాత్రికి మారేడు దళాల కోసం కుండీలో చెట్టు పెంచుకుంటున్న వాళ్లు ఈ ముక్క గమనించండి. నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ అనే తెగులు ఉంది. ఆకు మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది, కాయ వంకరగా, సగం పచ్చగానే ఉండిపోయి చేదెక్కుతుంది, కొన్నేళ్లకు చెట్టు పోతుంది. మందు లేదు. దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది సిల్లా అనే పురుగు, మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. ఆ పురుగుకు కరివేపాకు చిగురంటే ప్రాణం. అక్కడే గుడ్లు పెడుతుంది, అక్కడే పిల్లలు పెరుగుతాయి. కరివేపాకు చెట్టుకు దానివల్ల పెద్దగా ఏమీ కాదు, మన ఇంట్లో నవనవలాడుతూనే ఉంటుంది. పోయేది పక్కింటి నిమ్మచెట్టు.

ఫ్లారిడాలో ఆ పురుగు 1998లో కనపడింది, తెగులు 2005లో. 2003-04లో అక్కడ 24 కోట్ల పెట్టెల నారింజలు పండాయి. 2022-23కి ఒక కోటీ అరవై లక్షల పెట్టెల దగ్గరికి పడిపోయింది. తుపానులు కూడా దెబ్బకొట్టాయి గానీ అసలు పీడ ఈ తెగులే. టెక్సస్‌లో పురుగు 2001లో, తెగులు 2012లో. కాలిఫోర్నియాలో పురుగు 2008లో వచ్చింది, తెగులు 2012లో లాస్ ఏంజెలస్ దగ్గర హసియెండా హైట్స్ అనే చోట మొదటిసారి బయటపడింది. తోటలో కాదు, ఒక ఇంటి పెరట్లో.

ఈ లెక్కలన్నీ చదువుకుని కూడా నాకు కోపం పోలేదు, నిజం చెప్తున్నా. ఒక్క చెట్టు. పదకొండేళ్లుగా నేను ప్రతి ఆకూ తిప్పి చూసే చెట్టు. అప్పుడే నల్గొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్న మా మేనమామకు ఫోన్ చేశాను, ఆయనైనా నా పక్షాన మాట్లాడతాడని. విషయం అంతా విని "మంచిదే చేసిన్రు బిడ్డా" అన్నాడు. "ఆ పురుగు ఇక్కడ లేదనుకున్నవా? లేత చిగురు మీద కూసుంటది, తోక పైకి లేపి. చిగురొచ్చినప్పుడల్లా మందు కొట్టుడే. బత్తాయి తోట పక్కన కరివేపాకు పెట్టొద్దని సార్లు మాకు ఎన్నడో చెప్పిన్రు. మా కాడ అట్ల ఆపేటోళ్లు ఉంటే ఇంకో పదేండ్లు తోట నిలబడేది." ఆయన తోటలో సగం మూడేళ్ల కిందట కొట్టేశారు. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ నా కుండీకీ సంబంధం ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఫోన్ పెట్టేశాక వ్యాన్ కొలతల కాగితం చించేశాను.

సూర్యాపేట నుంచి మా అత్తమ్మ ఇంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "చిన్న పిలక తడిబట్టలో చుట్టి చీరల మధ్య పెట్టుకో, ఎవరు చూస్తరు" అన్నది. మా ఆయన స్పీకర్ ఫోన్ దగ్గరికి వచ్చి, "అమ్మా, గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, కరివేపాకు కోసం కేసు తెచ్చుకోమంటవా" అన్నారు. అక్కడితో ఆ ఆలోచన ఆగింది. అప్పుడు అత్తమ్మ, నేనే గింజలు పార్సిల్ పంపుతా అన్నది. అది ఇంకా ప్రమాదం. 2009లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, ఇండియా నుంచి వచ్చిన ఒక సంచిని పసిగట్టే కుక్క పట్టుకుంది. అందులో కరివేపాకు, ఆకుల మీద ఈ పురుగులు. పరీక్ష చేస్తే పురుగులో గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియా కూడా ఉంది. ఎవరో పాపం కూతురికి ప్రేమగా పంపిన ఆకే అయ్యుంటుంది. ఈ కథ చెప్పాక అత్తమ్మ, "ఆకుకు గూడ కుక్కలా" అని చాలాసేపు నవ్వింది.

మే నెల మొదట్లో చెట్టుకు ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. టెక్సస్ లోపలే, అదే ఊళ్లో ఇంకొకరికి ఇవ్వడానికి ఇబ్బంది లేదన్నారు, ముందు చిగుళ్లు చూసి పురుగు లేదని నిర్ధారించుకోమన్నారు. మా కాలనీ తెలుగు వాట్సాప్ గుంపులో ఫొటో పెట్టి "ఎవరికైనా కావాలా" అని రాశాను. పొయ్యి మీద పప్పు దించి వచ్చేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. సోఫా సెట్ పెట్టినప్పుడు ముగ్గురు అడిగారు, అదీ బేరానికి. దీనికి ముఖం తెలియని వాళ్లు కూడా ఫోన్లు. ఒకాయన ఐదువందల డాలర్లు ఇస్తానన్నాడు, ఈ రాత్రికే పికప్ ట్రక్కు తెస్తానన్నాడు. ఒకావిడ కొనను గానీ ఒక్కసారి వచ్చి చూసిపోతానన్నారు. వచ్చారు, చాలాసేపు దాని పక్కనే నిలబడ్డారు, చిన్నప్పటి తెనాలి ఇంటి గురించి చెప్పారు, రెండు రెమ్మలు తీసుకుని వెళ్లారు. ఇన్నేళ్లూ నా వెనక ఇంతమంది కళ్లు ఈ చెట్టు మీద ఉన్నాయా అనిపించింది. దిష్టి తీయాల్సింది నాకు కాదు, దానికి.

చివరికి పక్క వీధిలో ఉండే అమ్మాయికి ఇచ్చాను. ఊరికే కాదు, మూడు వందల డాలర్లకు. నన్ను అక్కా అని పిలిచే అమ్మాయి దగ్గర డబ్బు తీసుకోవడం ఏమిటని మా ఆయన మొహం మాడ్చుకున్నారు. నా లెక్క వేరు. డబ్బు పెట్టి కొన్నది చలికాలం గరాజ్‌లోకి ఈడ్చుకెళ్తారు, ఊరికే వచ్చింది ఒక్క నవంబరుకే పోతుంది. వేళ్ల దగ్గర ఉన్న పిలకల్ని మాత్రం విడదీసి, నాలుగు చిన్న కుండీల్లో పెట్టి, అడిగినవాళ్లలో అసలు చెట్టు చూడని నలుగురికి ఇచ్చాను. పిలక తీసేటప్పుడు ఒక చిన్న సంగతి: వట్టిగా పీకితే బతకదు, దాని కింద సన్నటి వేళ్లు కొన్నైనా ఉన్నాయో లేదో మట్టి తవ్వి చూసుకుని, కత్తితో కోయాలి. అయినా నాలుగింటిలో రెండు పోయాయని తర్వాత తెలిసింది.

ఇచ్చే ముందు జూన్ రెండో వారంలో ఆకు దూశాను. పచ్చి ఆకు సరిహద్దు దాటకూడదు. పొడి చేసుకుంటే బాధ లేదన్నారు. నీడలో ఆరబెట్టి, మినప్పప్పు, శనగపప్పు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి దంచితే పెద్ద హార్లిక్స్ సీసాలు ఐదు నిండాయి. వంటింట్లో వారం పాటు అదే వాసన, ఖాళీ చేస్తున్న ఇంట్లో మిగిలింది ఆ వాసనొక్కటే. ఇల్లు చూడటానికి వచ్చిన అమెరికన్ జంట ఏం వండుతున్నారని అడిగారు. సీసా ఒకటి వాళ్లకూ ఇచ్చాను. ఏం చేసుకున్నారో పాపం.

చెట్టు వెళ్లినరోజు నేను ఇంట్లో లేను. కావాలనే లేను. పిల్లల బడి కాగితాల పని పెట్టుకుని వెళ్లాను. వచ్చేసరికి వరండాలో గచ్చు మీద కుండీ అడుగు గుండ్రంగా తెల్లగా మిగిలింది. దాన్ని బ్రష్షుతో రుద్దితే పోలేదు, ఇంటి ఓనరు డిపాజిట్‌లోంచి 60 డాలర్లు కోసుకున్నాడు.

జూన్ 26న బయల్దేరాం. ఎల్ పాసో, టూసాన్ మీదుగా, మూడో రోజు మధ్యాహ్నం ఐ-10 మీద కొలరాడో నది దాటగానే బ్లైత్ అనే ఊరి దగ్గర తనిఖీ కేంద్రం. టోల్ గేటు లాగే ఉంటుంది, అన్ని కార్లూ ఆగాలి. బయట ఎండ మండిపోతోంది. యూనిఫారంలో ఉన్నతను ఎక్కడి నుంచి వస్తున్నారు, పళ్లు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. నా ఒళ్లో తులసి ఉంది. ఇంట్లోనే పెంచింది, దుకాణంలో కొన్న మట్టి, అన్నాను. కుండీ తీసుకుని ఆకులు తిప్పి చూశాడు, అడుగున చూశాడు, తిరిగి ఇచ్చాడు. మిగిలిన నాలుగు సీసాల పొడి చూపించాను. మూత తీసి వాసన చూసి దగ్గాడు, వెళ్లనిచ్చాడు. అప్పుడు కారు ముందు భాగం వైపు చూసి ఆగాడు. దిష్టికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు.

ఇదేమిటని అడిగాడు. మా ఆయన 'ప్రయాణం క్షేమంగా జరగాలని' అన్నారు. అతను నవ్వకుండా, చాలా గౌరవంగా, ఇది నిమ్మజాతి పండు సార్, ఉంచుకోనివ్వలేను అని చెప్పి, చేతి తొడుగులు వేసుకుని, దారం కత్తిరించి, సంచిలో వేసి కట్టాడు. మిరపకాయలు కూడా దాంతోనే పోయాయి. చెట్టు విషయంలో అంత జాగ్రత్త పడ్డ మాకు ఈ నిమ్మకాయ తట్టనే లేదు, ఎవరికి తడుతుంది. మిగతా దారి దిష్టి రక్ష లేకుండానే వచ్చాం. మనవాళ్లు ఇల్లు మారేటప్పుడు బయల్దేరే చోట టైర్ల కింద తొక్కించేసి, కారుకు కట్టే పని చేరాక పెట్టుకోండి.

శాన్ హోసేలో అద్దె ఇంటి వెనక ఓనరు నాటిన నిమ్మచెట్టు ఉంది, కాయలు నేల మీద పడి కుళ్లుతుంటాయి. ఆ చెట్టు పక్కన నిలబడి నేను కరివేపాకు కోసం ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. జూలై అంతా అదే పని. పెద్ద దుకాణాల తోట విభాగాల్లో ఆ పేరే తెలియదు. ఆన్‌లైన్‌లో ఒకచోట దొరికింది, 35 డాలర్లు, ఆర్డర్ పెట్టాను. మర్నాడు పొద్దున డబ్బు వాపసు వచ్చింది. కాలిఫోర్నియా పిన్‌కోడ్‌కు పంపరట. ఇంకోచోట అలాంటి ప్రశ్నే లేకుండా పంపుతామన్నారు, ఎక్కడ పెంచారు, ఏ అనుమతి ఉందని అడిగితే జవాబు లేదు. అలాంటి చోట కొనకండి.

శాక్రమెంటోలో ఉండే మా వదిన తన చెట్టు నుంచి పిలక ఇస్తానంది. మేమున్న చోటు ఆ నిషేధం అమలయ్యే క్వారంటీన్ పరిధిలో ఉంది. కాలిఫోర్నియా వ్యవసాయ శాఖ పెట్టిన మ్యాప్‌లో ఇంటి చిరునామా కొడితే తెలిసిపోతుంది. ఒక పరిధి నుంచి ఇంకో పరిధిలోకి, లోపలికి గానీ బయటికి గానీ, ఇంటి మొక్కలు కదిలించకూడదు. వదినకు వద్దన్నాను. "మీ అన్నయ్య కారులో పెట్టుకొస్తే ఎవరికి తెలుస్తుంది" అంది ఆవిడ కూడా. అత్తమ్మకు చెప్పిన కథే మళ్లీ చెప్పాను.

లైసెన్సున్న నర్సరీలు మిగిలాయి. ఇక్కడ క్వారంటీన్ ప్రాంతంలో నిమ్మజాతి మొక్కలు, కరివేపాకు పెంచి అమ్మాలంటే పురుగు దూరని సన్నటి జాలీ గదుల్లో పెంచాలి. ఆ ఖర్చు భరించేవాళ్లు తక్కువ, అందుకే మొక్కలూ తక్కువ. గంట దూరంలో ఉన్న నర్సరీలో పేరు రాసుకున్నారు. ఎప్పటికి వస్తుందంటే "వేసవి ఆఖరికి" అన్నారు. ఆగస్టు పోయింది. సెప్టెంబరు మధ్యలో ఫోన్ చేస్తే, వచ్చాయి గానీ నా కంటే ముందు రాసుకున్నవాళ్లకు సరిపోయాయి, తర్వాతి విడత అక్టోబరులో అన్నారు. పేరు రాయించినప్పుడే జాబితాలో నా పై పేర్లు చూశాను. అందులో రెడ్డి, అయ్యర్, పటేల్, పెరేరా. శ్రీలంక వాళ్లూ మనలాగే వెతుక్కుంటున్నారన్నమాట.

మధ్యలో ఆగస్టులో ఒకరోజు కౌంటీ వ్యవసాయ విభాగం నుంచి ఒక కుర్రాడు తలుపు తట్టాడు. నిమ్మచెట్టుకు పసుపు రంగు జిగురు అట్ట కడతాం, అప్పుడప్పుడు వచ్చి చూసుకుంటాం, అభ్యంతరం లేదా అని. ఓనరును అడిగి సరే అన్నాను. అట్ట కట్టి, భూతద్దం తీసి నిమ్మ చిగుళ్లు ఒక్కొక్కటీ చూశాడు. నేను పక్కనే నిలబడి నా గోడంతా చెప్పుకున్నాను. అతను శ్రద్ధగా విని, ఫోన్‌లో ఫొటోలు చూపించాడు: తల కిందికి, వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా కూర్చునే గోధుమరంగు పురుగు, చిగురు మడతల్లో పసుపు గుడ్లు, పిల్ల పురుగుల వెనక నుంచి వచ్చే తెల్లటి మైనపు పోగులు. "ఆ తెల్ల పోగులు కనపడితే చేత్తో నలిపేయకండి, మాకు ఫోన్ చేయండి" అన్నాడు. తెగులు సోకిందని పరీక్షలో తేలితే నిమ్మచెట్టును తీసేయాల్సిందేనట. కరివేపాకు కొనొద్దని మాత్రం అతను అనలేదు. కొంటే నర్సరీ అనుమతి చీటీ ఉన్నది కొనండి, చిగురొచ్చిన వారంలో భూతద్దంతో చూడండి అన్నాడు. పదిహేను డాలర్లు పెట్టి భూతద్దం కొన్నాను. మొక్క కంటే రెండు నెలల ముందే మా ఇంటికి వచ్చింది.

అక్టోబరు 18న నర్సరీ నుంచి ఫోన్. మర్నాడు ఆదివారం, పిల్లల్ని క్లాసులకు పంపడం మానేసి అందరం వెళ్లాం. అరచేతి కుండీలో జానెడు మొక్క, ఐదు రెబ్బలు. 48 డాలర్లు, పన్ను వేరే. ఫ్రిస్కోలో మూడు వందలకు ఇచ్చిన చెట్టు గుర్తొచ్చి మా ఆయన ఒక చూపు చూశారు, నేను అటు తిరగలేదు. కుండీకి ఒక చీటీ కట్టి ఉంది. ఏ నర్సరీ, ఏ పరిధిలో అమ్మొచ్చు, ఆ పరిధి దాటించకూడదు అని. బిల్లు, చీటీ రెండూ దాచుకోమన్నారు. డబ్బు కట్టే ముందు నేను భూతద్దం తీశాను. కౌంటర్ దగ్గర ఉన్న పెద్దాయన "మీరే నయం, చాలామంది ఆకు నలిపి వాసన చూస్తారు, అంతే" అన్నాడు. అది కూడా చూశాను లెండి.

వాసన ఉంది. కానీ మొదటిది ఉన్నంత ఘాటుగా లేదు. ఇది నా మనసుదో, మొక్క లేతదనానిదో చెప్పలేను. శాన్ హోసే చలి డాలస్ చలి కాదు, గరాజ్ అవసరం రాలేదు. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టాను, నీళ్లు తగ్గించాను. డిసెంబరులో కింది రెబ్బలు పసుపెక్కి రాలాయి, జనవరిలో నిద్రపోయింది. ఫిబ్రవరి ఆఖరులో కొన దగ్గర చిగురు. కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయని తెలుసు, తుంచడానికి మాత్రం చెయ్యి రాక ఇంకో రెండు వారాలు ఆగాను. పోపులోకి ఇప్పటికీ దుకాణం ఆకే, ప్యాకెట్టు రెండున్నర డాలర్లు. ఈ మొక్క నుంచి కోయడానికి ఇంకో రెండేళ్లు పడుతుందని నా అంచనా. పొడి సీసాల్లో ఆఖరిది సగానికి వచ్చింది.

మొత్తం ఖర్చు అడిగేవాళ్లకు: మొక్క, భూతద్దం, కొత్త కుండీ, మట్టి కలిపి 110 డాలర్ల లోపు. డిపాజిట్ కోత 60. వచ్చింది 300. కాగితం మీద చూస్తే నాకు లాభమే.

పోయిన వారం హ్యూస్టన్ నుంచి చిన్ననాటి స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్లు ఏప్రిల్లో ఫీనిక్స్ వెళ్తున్నారట. దాని దగ్గర నేల మీద నాటిన చెట్టు, ఇంటి చూరును మించి పెరిగింది. "కాలిఫోర్నియా అంటే నియమాలు ఎక్కువ, ఆరిజోనాలో అంత ఉండదేమో కదే" అంది. ఉంటుంది. అదీ నిమ్మతోటల రాష్ట్రమే, అక్కడికీ పోదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది, నాకు మూడు వందలు ఇచ్చిన అమ్మాయి హ్యూస్టన్ దాకా వచ్చి ఇంకొకటి తీసుకుంటుందా అని. హ్యూస్టన్ చుట్టుపక్కల పురుగుతో పాటు తెగులు కూడా బయటపడింది కాబట్టి అక్కడి నుంచి ఫ్రిస్కోకు కూడా కదిలించకూడదు, వీధిలో వాళ్లకే చూసుకోమన్నాను. ఇల్లు కొంటున్న వాళ్లు తమిళులట, ధర కొంచెం పెంచి అడగమని మా ఆయన సలహా.